బుర్మాకాన్ ఇంట్లో పొగ

నవంబరు మొదటి వారంలో బుర్మాకాన్ కప్పెక్కి పొగగొట్టంలోకి తొంగి చూడటం మా వీధంతా చూసింది. అందులో వింతేమీ లేదు. నలభై ఏళ్ళుగా మా అట్-బాషి లోయలో ఆమె ఎక్కని కప్పు లేదు. కాని ఈసారి ఎక్కింది తన ఇంటి కప్పు.

"ఏమక్కా, పైనుంచి మేకలు కనబడుతున్నాయా?" కింద నుంచి తోడికోడలు సోనున్ కేకేసింది.

"కనబడుతున్నాయి. ఒకటి నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది."

సోనున్ నవ్వి, నవ్వు ఆగకముందే అసలు మాట అడిగేసింది. "ఆదివారానికి ఐదు రోజులే ఉన్నాయి. ఈలోగా పొగ పోతుందా, లేక మా కోడలికి కొత్త తలగుడ్డతో పాటు గొంతు మందు కూడా కొనమంటావా?"

బుర్మాకాన్ భుజం దాకా చెయ్యి గొట్టంలోకి పోనిచ్చి, ఎండిపోయిన పక్షి ఒకదాన్ని రెక్క పట్టి బయటికి లాగింది. దాన్ని పైకెత్తి చూపించింది.

"దొరికింది దొంగ."

ఆ సాయంత్రానికే ఇంట్లో మళ్ళీ పొగ.

బుర్మాకాన్‌కి అరవై ఒక్కేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. పదిహేడో ఏట ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో మట్టి తొక్కే పనికి చేరింది. అక్కడ పొయ్యిలు కట్టే మేస్త్రీ గోట్లిబ్ అని జర్మన్ ముసలాయన. యుద్ధకాలంలో రైళ్ళలో తెచ్చి మా వైపు దించిన వాళ్ళలో ఒకడు. మగపిల్లలందరూ ఆయన దగ్గర నెల తిరగకుండానే పారిపోయేవాళ్ళు, ఎందుకంటే ఆయన ఒక ఇటుక వంకరగా ఉంటే పది ఇటుకలు విప్పించేవాడు. బుర్మాకాన్ పారిపోలేదు. ఆరేళ్ళు మట్టి తొక్కింది. ఏడో ఏట ఆయన తాపీ ఆమె చేతికిచ్చి తాను బల్ల మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన తన దేశం వెళ్ళిపోయాడు. తాపీ మాత్రం ఇక్కడే ఉంది.

పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, వాళ్ళ పెళ్ళిళ్ళూ అయ్యాయి, భర్త పోయాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు కూడా ఆమె పొయ్యిలు కడుతూనే ఉంది. పిడకలకి ఎలా కట్టాలో, బొగ్గుకి ఎలా కట్టాలో, పొగని గోడలో ఎన్ని మలుపులు తిప్పితే గది వెచ్చబడుతుందో ఆమెకి వేళ్ళ కొసల్లో ఉంది. ఎవరింట్లో పొగ వచ్చినా "పొయ్యిల బుర్మాకాన్‌ని పిలవండి" అనేవారు. ఆమె వచ్చేది, గుమ్మం దగ్గరే ఆగి ముక్కుతో రెండుసార్లు గాలి పీల్చేది. "మసి పట్టింది" అనో, "పొగదారి అడ్డురేకు వంగింది" అనో, "మీ ఆయన తడి బొగ్గు కొన్నాడు" అనో చెప్పేది. చాలాసార్లు మూడోదే నిజమయ్యేది.

ఆ శరదృతువులోనే ఆమె తన సొంత సంపాదనతో కొత్త కిటికీలు పెట్టించుకుంది. తెల్లటి ప్లాస్టిక్ చట్రాలు, రెండేసి అద్దాలు. పాత చెక్క కిటికీల సందుల్లోంచి చలికాలమంతా గాలి ఈల వేసేది. ఇప్పుడు కొవ్వొత్తి పెట్టినా మంట కదలదు. వచ్చినవాళ్ళందరికీ కొవ్వొత్తి వెలిగించి మరీ చూపించింది.

పొగ మొదలైంది ఆ తర్వాతే. కాని ఆ రెండింటినీ కలిపి ఆలోచించాలని ఎవరికీ తోచలేదు, ఆమెకి కూడా.

మామూలుగా అయితే పొగ వస్తే ఒక వారం దగ్గి ఊరుకునేదేమో. ఆదివారం ఉంది కాబట్టి కుదరదు. మా లోయలో కొత్తకోడలు బంధువుల ఇళ్ళకి తనంత తాను వెళ్ళదు. ఒక్కో ఇంటివాళ్ళు ఆమెని తమ నిప్పు దగ్గరికి పిలవాలి. పిలిచిన ఇంట్లో ఆమె పొయ్యి ముందు వంగి, చెంచాడు కొవ్వు నిప్పులో వెయ్యాలి. ఆ తర్వాత ఆ గుమ్మం ఆమెది కూడా. సోనున్ కోడలు బెగాయిమ్‌ని ఆదివారం నిప్పుకి పిలిచింది బుర్మాకాన్. పిలిచాకే పొగ మొదలైంది. పిలిచాక వాయిదా వెయ్యరు.

ఇంకో సంగతి కూడా ఉంది. సోనున్ కొడుక్కి వీధి చివర కొత్త ఇల్లు లేస్తోంది. వసంతంలో అందులో పొయ్యి కట్టాలి. సోనున్ భర్త ఏమో నారిన్ అనే పట్నం నుంచి మేస్త్రీని పిలిపిద్దామంటున్నాడు. ఆ మేస్త్రీ పొయ్యి అంచులకి రంగు పలకలు అంటిస్తాడట. ఆ మాట విన్న రోజు బుర్మాకాన్ రొట్టెకి ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. తన మరిది కొడుకు ఇంట్లో, తన చేతుల మీద పెరిగిన పిల్లాడి ఇంట్లో, ఇంకెవరో పొయ్యి కడతారా? తేల్చవలసింది ఇంటి పెద్ద, ఎనభై రెండేళ్ళ కసిమాలీ. బుర్మాకాన్ మామగారికి అన్న. ఆయన ఆదివారం విందుకి వస్తున్నాడు.

"అక్కా, నాకేమీ లేదు, నువ్వు కడితేనే నాకిష్టం," అంది సోనున్ బుధవారం నాడు. "కాని మా ఆయన ఏమన్నాడో తెలుసా? తన పొయ్యి పొగ తాను ఆపుకోలేని మనిషి మన పొయ్యి ఏం కడుతుందీ అన్నాడు."

"మీ ఆయన చెప్పులు ఎడమది కుడికాలికి వేసుకుని పెళ్ళికి వచ్చాడు. ఆ రోజు నేనేమన్నా అన్నానా?"

"అన్నావు. ఇప్పటికీ అంటూనే ఉన్నావు."

బుధవారం బుర్మాకాన్ పొయ్యి పక్క ఇటుకలు నాలుగు విప్పి, లోపలి మలుపుల్లోంచి బకెట్టెడు మసి తీసింది. గురువారం గొట్టాన్ని నాలుగు ఇటుక వరసలు ఎత్తు పెంచింది. శుక్రవారం దాని మీద రేకు టోపీ మార్చింది. పని చేసిన ప్రతిసారీ వీధి తలుపు బార్లా తీసి పెట్టుకుంది. గోట్లిబ్ నేర్పిన మొదటి పాఠం అదే. పొయ్యి విప్పేటప్పుడు తలుపు తెరిచి ఉంచు, దుమ్ము నీ ఊపిరితిత్తుల్లోకి కాదు, వీధిలోకి పోవాలి. పని ముగించి, తలుపు అలాగే ఉండగా పిడక ముక్క వెలిగించి చూసేది. పొయ్యి గుర్రంలా లాగేది. మంట హోరుమనేది. తృప్తిగా చేతులు కడుక్కుని, తలుపు వేసి, టీ పెట్టుకునేది. టీ చల్లారేలోపు పొయ్యి నోట్లోంచి సన్నటి పొగ తీగలు మొదలయ్యేవి.

బొగ్గు వెయ్యడం మానేసింది. బొగ్గు పొగ తలనొప్పితో మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకి తెలుసు. పిడకలతోనే సరిపెట్టుకుంది.

అప్పటికి వాసన ఇంటికంతా పట్టేసింది. రొట్టెలో పొగ, దిండులో పొగ, తలగుడ్డలో పొగ. శనివారం నేల మీది ఉన్ని తివాచీలన్నీ బయటికి ఈడ్చి, తాజా మంచు మీద బోర్లా పరిచి కర్రతో బాదింది. తీసిన చోట మంచు బూడిద రంగుకి తిరిగింది. బొంతలు గడ్డకట్టేదాకా తీగ మీద వేలాడదీసింది. గోడలకి సున్నం వేసింది. సోనున్ కొండ నుంచి తెప్పించిన ఆర్చా చెట్టు కొమ్మ పట్టుకొచ్చింది. దిష్టి తగిలిన ఇంటికి దాని ధూపం వేస్తారు.

"కొత్త కిటికీల మీద ఎవరి కన్నో పడిందక్కా."

"పొగ వస్తోందని ఇంకో పొగ పెడతావా?"

"ఇది మంచి పొగ."

ధూపం వేశారు. ఇప్పుడు ఇంట్లో రెండు రకాల పొగ వాసన.

ఆదివారం కొత్తకోడలికి చలి తగలకూడదని బుర్మాకాన్ శనివారం సాయంత్రం ఇంకో రెండు పనులు చేసింది. తలుపు అంచుల చుట్టూ ఉన్ని ముక్కలు మేకులతో బిగించింది. గుమ్మానికి ఎదురుగా లోపలి గోడ దగ్గర ఉండే పెద్దల చోట, పొయ్యి పక్కనే, ఒకదాని మీద ఒకటి మూడు తివాచీలు, వాటి మీద బొంతలు పరిచింది. కసిమాలీ మోకాళ్ళు మెత్తగా ఉండాలి. ఆ తివాచీల కింద బంగాళాదుంపలు దాచే నేలకొట్టు మూత ఉంది. ఆ చెక్క మూత ఏళ్ళ క్రితమే ఎండి పగుళ్ళు వారింది. దాని సందులు కూడా కనబడకుండా బాగా కప్పింది.

ఆదివారం పొద్దున్నే పొయ్యి వెలిగించింది. నీళ్ళ బకెట్లు లోపలికి, బూడిద బయటికి, టీ నీళ్ళు కాచే సమోవార్ బయటికి, రొట్టెలు లోపలికి. తలుపు మూతపడే తీరికే లేదు. పొయ్యి ఎంత బాగా మండిందంటే, ఆమె దాని వీపు మీద అరచెయ్యి వేసి, "అదీ, పరువు నిలబెట్టావు," అంది.

మధ్యాహ్నానికి చుట్టాలు వచ్చారు. పద్నాలుగు మంది. ముందు కసిమాలీ, కర్ర పట్టుకుని, నక్కతోలు టోపీతో. వెనక సోనున్, ఆమె భర్త, మిగతావాళ్ళు. చివర తెల్ల తలగుడ్డతో బెగాయిమ్. బుర్మాకాన్ కసిమాలీకి వంగి మొక్కింది. అరవై ఒక్కేళ్ళు వచ్చినా ఆయన ముందు ఆమె కోడలే. ఆయన పేరు ఆమె నోటితో పలకలేదు ఎప్పుడూ. ఆయనకి వీపు చూపించి నడవలేదు.

"బతుకు కోడలా," అన్నాడాయన. "ఏదీ, ఎక్కడ కూర్చోను? మెత్తగా ఉందా?"

"ఒంటె మూపురంలా ఉంది పెద్దమామయ్యా."

ఆయన మూడు తివాచీల మీద కూర్చుని, రెండుసార్లు ఊగి చూసి, బాగుందన్నట్టు గడ్డం నిమురుకున్నాడు. అందరూ సర్దుకున్నారు. ఎవరో తలుపు వేశారు. ఉన్ని ముక్కలు బిగుసుకుని తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

"అబ్బ, ఎంత వెచ్చగా ఉందో," అంది ఒక పెద్దావిడ.

బెగాయిమ్ పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సోనున్ ఆమె చేతికి కరిగిన కొవ్వు చెంచా ఇచ్చింది. బుర్మాకాన్ పొయ్యి తలుపు తెరిచింది. తెరిచినప్పుడే ఆమెకి తెలిసిపోయింది. మంట ఎర్రగా, బద్ధకంగా ఉంది. పైకి చూడటం లేదు, బయటికి చూస్తోంది. ఆగమనే లోపు పిల్ల చెంచా వంచింది.

భగ్గుమంది. నల్లటి పొగ ముద్ద పిల్ల తెల్ల తలగుడ్డ మీదుగా దొర్లి గది కప్పుకి తగిలి, అక్కడి నుంచి అందరి మీదికీ నెమ్మదిగా దిగింది.

గదంతా దగ్గులు. బెగాయిమ్ కళ్ళ నుంచి ధారలు.

"అయ్యో, కోడలు ఏడుస్తోంది," అంది పెద్దావిడ. "అమ్మ గుర్తొచ్చిందేమో పాపం."

"లేదు పెద్దమ్మా," అంది బెగాయిమ్ ముక్కు తుడుచుకుంటూ. ఆమె ఆ ఇంట్లో మాట్లాడిన మొదటి మాటలు అవే. "మా అమ్మ ఇంట్లో ఇంత పొగ లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. సోనున్ కోడలి వీపు మీద సున్నితంగా గిల్లింది. సోనున్ భర్త పైకప్పు వైపు చూస్తూ, ఎవరితోనూ కాకుండా, "నారిన్ మేస్త్రీ పలకలు కూడా అంటిస్తాడు," అన్నాడు.

బుర్మాకాన్ సిగ్గుతో ఎర్రబడింది. పొయ్యి తలుపు మూసి, అడ్డురేకు ఇంకా తెరుద్దామని లాగింది. అది ముందే పూర్తిగా తెరిచి ఉంది. కిటికీ తీద్దామంటే అది సరిగ్గా కసిమాలీ బట్టతల వెనక ఉంది. బయట చలి ముక్కు కొరికేలా ఉంది, ఆయనకి పోయిన చలికాలమే ఊపిరితిత్తుల జబ్బు చేసింది.

అప్పుడు పెద్దావిడ కొడుకు బయట వంటపాకలోంచి మాంసం పళ్ళెం తెచ్చాడు. తలుపు తెరుచుకుంది. చలిగాలి నేల మీదుగా పాకుతూ వచ్చి బుర్మాకాన్ చీలమండల్ని తాకి పొయ్యి వైపు పోయింది. పొయ్యి లోపల మంట ఒక్కసారి గొంతు సవరించుకుని హోరుమంది. కప్పు కింద పొగ కదిలింది. తలుపు మూసుకుంది. హోరు ఆగింది. పొయ్యి నోటి అంచున సన్నటి తీగ.

బుర్మాకాన్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టింది.

"ఇంకోసారి తలుపు తియ్యి," అంది ఆ అబ్బాయితో.

"చలి పెద్దమ్మా."

"తియ్యి."

తీశాడు. హోరు. "వెయ్యి." వేశాడు. తీగ.

చిన్నప్పుడు ఎండాకాలం పచ్చికబయళ్ళలో ఉన్ని గుడారంలో పొగ నిలిస్తే, అమ్మ పైకి చూసేది కాదు. బయటికి వెళ్ళి గుడారం కింది అంచు ఒక బెత్తెడు ఎత్తేది. పొగ పైకి పోవాలంటే కింద నుంచి ఏదో లోపలికి రావాలి. ఆ సంగతి ఆమెకి ఐదేళ్ళప్పుడే తెలుసు. గోట్లిబ్ చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు, ఎందుకంటే ఆయన పొయ్యిలు కట్టిన ఇళ్ళలో కిటికీలు ఈల వేసేవి. ఈ ఇంట్లో కిటికీలు బిగించింది తనే. తలుపు బిగించింది తనే. మిగిలిన ఆఖరి సందు కూడా నిన్న సాయంత్రం మూడు తివాచీలతో తనే మూసింది. ఇల్లు ముక్కు మూసి, పొయ్యిని ఊపిరి పీల్చమంటోంది.

నేలకొట్టుకి పునాదిలో రెండు గాలి రంధ్రాలున్నాయి, దుంపలు కుళ్ళకుండా. మూత తీస్తే చాలు. ఆ మూత మీద కసిమాలీ కూర్చుని, పెద్దలకి వడ్డించే ఉడికిన గొర్రె తలకాయ ముందు పెట్టుకుని, చెవి కోస్తున్నాడు.

మా ఊళ్ళో ఇంటికి పిలిచిన పెద్దాయన్ని పెద్దల చోటు నుంచి లేవమనరు. మనవళ్ళు అనరు, కొడుకులు అనరు. కోడలు అనడమనేది ఎవరూ వినలేదు. సోనున్ బుర్మాకాన్ కళ్ళు ఎటు చూస్తున్నాయో చూసి, తలని అడ్డంగా ఊపింది. వద్దు, అని.

బుర్మాకాన్ తలగుడ్డ సరిచేసుకుని, ఆయన ముందు వంగింది. మొదటిసారి కన్నా ఇంకా కిందికి.

"పెద్దమామయ్యా, తప్పు నాది. మీరొక్కసారి లేవాలి."

చాకు ఆగింది. 

"ఏమిటీ?"

"మీరు నా పొయ్యి ముక్కు మీద కూర్చున్నారు."

కసిమాలీ తన కింద బొంతల వైపు చూశాడు. తర్వాత పొయ్యి వైపు. ఆ పొయ్యికీ ఆ చోటుకీ మధ్య ఉన్న దూరాన్ని కళ్ళతో కొలిచాడు.

"నేను ఎనభై రెండేళ్ళు ఎక్కడెక్కడో కూర్చున్నాను," అన్నాడు చివరికి. "గుర్రాల మీద, ఎడ్లబండ్ల మీద, ఒకసారి జిల్లా అధికారి టోపీ మీద కూడా కూర్చున్నాను. ముక్కు మీద ఇదే మొదలు." కర్ర అందుకున్నాడు. "లేపండిరా. నాక్కూడా ఊపిరాడటం లేదు. మీరెవరైనా ముందంటారేమోనని చూస్తున్నా."

ఇద్దరు ఆయన్ని లేపారు. గొర్రె తలకాయని పెద్దావిడ ఒళ్ళో పెట్టుకుంది. బుర్మాకాన్ బొంతలు, మూడు తివాచీలు లాగేసి, ఇనుప ఉంగరం పట్టి మూతని జానెడు ఎత్తి, సందులో ఒక ఇటుక దోపింది. దుంపల మట్టి వాసనతో చల్లటి గాలి లేచింది. అది ఎటూ తిరగకుండా నేరుగా పొయ్యిలోకి పోయింది.

ముందు చిన్న గొణుగుడు. తర్వాత హోరు. పొయ్యి అంచున తీగ వెనక్కి, లోపలికి, పాములా జారిపోయింది. కప్పు కింద పొగ పలచబడటం అందరూ తలలెత్తి చూశారు.

"బెగాయిమ్," అంది బుర్మాకాన్. "ఇంకో చెంచా."

పిల్ల ఈసారి కాస్త దూరంగా కూర్చుని, మొహం పక్కకి తిప్పుకుని చెంచా వంచింది. కొవ్వు చిటపటమంది, మంట పసుప్పచ్చగా లేచి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా గొట్టంలోకి ఎగిరిపోయింది. పెద్దవాళ్ళు దీవించారు. సోనున్ భర్త పైకప్పు వైపు చూడటం మానేసి మాంసం వైపు చూశాడు.

కసిమాలీని పొయ్యికి రెండో వైపు కూర్చోబెట్టారు. కొత్త కిటికీలతో గాలి దారులన్నీ తనే మూసేశానని బుర్మాకాన్ అందరి ముందూ చెప్పింది. ఆయన తలకాయని మళ్ళీ ముందుకి లాక్కున్నాడు.

"కోడలా, కిటికీలు మార్చుకున్న ఇళ్ళు ఊళ్ళో ఎన్ని?"

"పదకొండు, పెద్దమామయ్యా."

"అన్నింట్లోనూ దగ్గుతున్నారు. మా ఇంట్లో కూడా. నేను ముసలితనం అనుకుంటున్నా." ఒక చెవి కోసి, పద్ధతి ప్రకారం కొత్తకోడలికి అందించాడు. రెండో చెవి బుర్మాకాన్ వైపు చాపాడు. "ఈ పిల్ల ఇంటి పొయ్యి నువ్వే కట్టాలి. తన తప్పు పదిమందిలో చెప్పినవాళ్ళు ఇంకోసారి ఆ తప్పు చెయ్యరు. నారిన్ వాడు చేసిన తప్పు నారిన్‌లోనే ఉంటుంది, మనం వెళ్ళి అడగాలి."

"మరి పలకలు?" అన్నాడు సోనున్ భర్త.

"నువ్వు అంటించు. నీకు చేతులున్నాయిగా. ఎడమది ఏదో కుడిది ఏదో మా బుర్మాకాన్ చెబుతుంది."

ఆ సంగతి ఆ చలికాలమంతా ఊళ్ళో తిరిగింది. కసిమాలీ ఎవరింటికి విందుకి వెళ్ళినా కూర్చునే ముందు కర్రతో నేల తట్టి, "కింద ఏముందో ముందే చెప్పండి," అనేవాడు. బుర్మాకాన్ తన పొయ్యి పక్క నేల చెక్క కోసి, అరచేతి వెడల్పు ఇనుప జాలీ బిగించింది. తర్వాత ఆ పదకొండు ఇళ్ళకీ వెళ్ళింది. గుమ్మం దగ్గర గాలి పీల్చడానికి ముందు కిటికీల వైపు చూడటం అలవాటు చేసుకుంది. తివాచీల్లో వాసన ఫిబ్రవరి దాకా పోలేదు. మంచు కురిసినప్పుడల్లా బాదుతూనే ఉంది.

ఏప్రిల్‌లో వీధి చివర కొత్త ఇంట్లో పొయ్యి లేచింది. బెగాయిమ్ పాత లంగా మోకాళ్ళ దాకా దోపుకుని మట్టి తొక్కింది. ఇసుక ఎక్కువైందంటే మళ్ళీ తొక్కింది. ఒకసారి ఒక ఇటుక వంకరగా ఉందని బుర్మాకాన్ ఏడు విప్పేసింది.

"పెద్దత్తా, ఒకటేగా వంకర?"

"పది విప్పాలి. నువ్వు కొత్తదానివని మూడు వదిలేశాను."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఖరి ఇటుక పెట్టారు. మట్టి ఇంకా తడిగానే ఉంది. బుర్మాకాన్ చిన్న పిడక ముక్క లోపల పెట్టి వెలిగించింది. తెరిచి ఉన్న తలుపులోంచి ఎండ, గాలి లోపలికి వస్తున్నాయి. మంట హోరుమంది.

"లాగుతోంది పెద్దత్తా!" బెగాయిమ్ మట్టి చేతులతోనే చప్పట్లు కొట్టింది.

"ఉండు," అంది బుర్మాకాన్. నేలలో బిగించిన జాలీ మీద కాలిబొటనవేలు పెట్టి చూసింది, గాలి చల్లగా తగిలింది. కిటికీలు రెండూ బిగించి ఉన్నాయో లేదో చూసింది. తర్వాత పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తలుపు వెయ్యి."

బెగాయిమ్ తలుపు వేసి వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. ఇద్దరూ చూశారు. పిడక ముక్క పూర్తిగా కాలేదాకా చూశారు. గదిలో తడిమట్టి వాసన తప్ప ఇంకే వాసనా లేదు.